రేపు జరిగిన సమావేశం

ఆమెను ఆఫీసులో అందరూ ముందుచూపు అంటారు. ఎదురుగా ఉంటే చివర 'గారు' చేరుస్తారు, పక్కకి వెళ్లగానే తీసేస్తారు. పొదుపు చూసో, గొడుగు వెంట తెచ్చుకునే అలవాటు చూసో పెట్టిన పేరు కాదది. రేపు జరగబోయే మీటింగులో ఎవరు ఏమన్నారో ఇవాళే రాసి పెట్టేస్తుంది కాబట్టి పెట్టిన పేరు.

అది నీటి సరఫరా ఆఫీసు. రెండు వారాలకోసారి మంగళవారం పదకొండు గంటలకు పెద్దసారు గదిలో, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బల్ల చుట్టూ తొమ్మిది మంది కూర్చుంటారు. వాళ్లు మాట్లాడింది రాసి, టైపు చేసి, పెద్దసారు చేత సంతకం పెట్టించి, ఫైల్లో గుచ్చడం ముందుచూపు పని. మినిట్స్ అంటారు దాన్ని. సంతకం పడ్డాక అందులో ఉన్నదే జరిగినట్టు. అందులో లేనిది, పాపం, జరిగినా జరగనట్టే.

ఆమె సీటు రెండో అంతస్తులో కిటికీ పక్కన. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా పాత తువ్వాలు కప్పుతుంది, పొద్దున రాగానే దాన్ని తీసి కుర్చీ వీపుకి ఆరేస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పందొమ్మిదేళ్ల వయసులో టైపు మిషను మీద నేర్చుకున్న చేతులవి, మీట నొక్కడం కాదు, మొత్తడమే వాటికి తెలుసు. ఆమె టైపు చేస్తుంటే కింది అంతస్తు వాళ్లు పైన ఎవరో మరమ్మతు చేస్తున్నారనుకుంటారు. కొత్తవాళ్లెవరైనా ఆ సీట్లో కూర్చుంటే ఆ నల్లటి ఖాళీ మీటల్ని చూసి చేతులెత్తేయాల్సిందే.

ఈ ముందు రాయడం ఒక రైలు వల్ల మొదలైంది. పదకొండేళ్ల కిందట ఉన్న పెద్దసారు కుటుంబం వేరే ఊళ్లో ఉండేది. మంగళవారం మీటింగు పన్నెండుకి అయిపోతే పన్నెండూ నలభైకి ఆయన రైలెక్కాలి. సంతకం పెట్టకుండా ఎక్కితే మళ్లీ శుక్రవారం దాకా రారు. ఆ నలభై నిమిషాల్లో తొమ్మిది మంది మాటలు టైపు చేయడంతో ఆమె తలప్రాణం తోకకొచ్చేది. అందుకని హాజరైనవాళ్ల పేర్లు ముందురోజే టైపు చేసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత స్వాగత వాక్యం. తర్వాత, పైపులు ఇంకా రాలేదన్న వాక్యం, ఎందుకంటే ఆమెకు తెలిసినంతలో అవి ఎన్నడూ రాలేదు. ఒక సోమవారం విసుగొచ్చి మొత్తం మీటింగంతా టైపు కొట్టేసింది. మర్నాడు మీటింగయ్యాక చూసుకుంటే మార్చాల్సినవి రెండే మాటలు. పెద్దసారు సంతకం పెట్టి, "ఎంత చక్కగా రాశావమ్మా, ఒక్క ముక్క పోలేదు," అని రైలెక్కారు.

తర్వాతి మెట్టు ఆమె ఎక్కింది కాదు. స్టోర్సు ఆఫీసరు ఒకసారి ప్రింటరులో తన కాగితమేదో వెతుక్కుంటూ, రేపటి మీటింగులో తాను 'తక్షణ చర్యలకు హామీ ఇచ్చిన' సంగతి చదివాడు. మాట ఆయనకు తెగ నచ్చింది. మర్నాడు మీటింగులో లేచి నిలబడి అక్షరం పొల్లుపోకుండా అదే అన్నాడు. పెద్దసారు తలూపారు. తక్కినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత సోమవారం నుంచి ఆమె సీటు దగ్గర జాతకాలు చూసే మనిషి దగ్గర ఉన్నంత రద్దీ.

"అమ్మా, రేపు నేనేమంటున్నాను?" అని వచ్చేవాడు స్టోర్సు ఆఫీసరు.

"విచారం వ్యక్తం చేస్తున్నారు సార్."

"దేనికి?"

"వాల్వులు రానందుకు."

"పోయినసారీ విచారమే గదా. ఈసారి కాస్త ఆగ్రహం పెట్టండి."

"ఆగ్రహం పెద్దసారుకి పెట్టేశాను సార్. ఒకే పేజీలో ఇద్దరికి బాగోదు."

"పోనీ ఆందోళన?"

"ఆందోళన ఖాళీగానే ఉంది. పెట్టమంటారా?"

"పెట్టండి. మరీ ఎక్కువొద్దు, షుగరుంది నాకు."

ఫిర్యాదుల విభాగం మేడం వచ్చి, గొంతు బాగాలేదు, నాకు మాటలు తగ్గించండి అనేది. లైన్ ఇన్‌స్పెక్టరు రానే వచ్చేవాడు కాదు. ఆయన మీటింగులో నిద్రపోతాడు. ఆయన పేరు పక్కన 'శ్రద్ధగా ఆలకించారు' అని పదకొండేళ్లుగా ఒకటే వాక్యం. కళ్లు మూసుకుని ఆలకించేవాళ్లు ఉండరా ఏం అని ఆమె సమాధానం.

ఇలా ముందే రాసిపెట్టడం వల్ల మీటింగులు గంట నుంచి అరగంటకి తగ్గాయి. ఎవరి మాట వాళ్లకు తెలుసు, ఎవరి తర్వాత ఎవరో తెలుసు, కాఫీ ఎప్పుడొస్తుందో కూడా తెలుసు. ఏడాది కిందట వచ్చిన కొత్త పెద్దసారుకి ఇదంతా ఎవరూ చెప్పలేదు. బల్ల మీద తన ముందుండే కాగితాలు తాను ఎప్పుడో ఆదేశించి తయారు చేయించుకున్న నోట్సని ఆయన నమ్మకం. గొంతు సవరించుకుని చదివేవారు. బాగా చదివేవారు కూడా, ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి.

ఇంట్లో ముందుచూపు, ఆమె వదిన, ఇద్దరే. వదినంటే పోయిన భర్తకి అక్క. పెళ్లి చేసుకోలేదు. ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైంది, దిద్దే బుద్ధి మాత్రం రిటైరవలేదు. సరుకుల చీటీ ఇచ్చినా తప్పులు పట్టి వెనక్కిస్తుంది. మరదలు తెచ్చే మినిట్స్ ఆమెకు సాయంత్రపు కాలక్షేపం.

"మీ ఆఫీసులో ఎవరూ తుమ్మరేమే?" అంది ఒకసారి, కాగితాలు బల్ల మీద పడేసి.

"తుమ్మితే రాయం వదినా."

"పదకొండేళ్లలో ఒక్కడికీ నవ్వు రాలేదు, ఒక్కడూ తప్పు మాట్లాడలేదు. ఇది ఆఫీసా, ఫొటోలు తగిలించిన గోడా?"

ఆ సోమవారం రాసిన మినిట్స్‌లో ఏడో అంశం దగ్గర మాత్రం ముందుచూపు చేతులు కాస్త నెమ్మదించాయి. ఊరి చివర గుట్ట మీద పాత పంపు హౌస్ ఉంది. దానికి ఏదో కంపెనీ ఆటోమేటిక్ ప్యానెల్ పెడుతోంది. ప్యానెల్ వస్తే మనిషక్కర్లేదు. అక్కడ చక్రం తిప్పే పంపాయన పోస్టు రద్దు. పెద్దసారు కంపెనీవాళ్లతో మాట్లాడేశారని ఆఫీసులో అందరికీ తెలుసు కాబట్టి ఆమె మాటలు వెతుక్కోవాల్సింది ఏమీ లేదు. కొట్టేసింది. తొమ్మిది ప్రతులు తీసి తన బల్ల మీద పెట్టింది. దారిన పోతూ పోతూ కొందరు తమ ప్రతులు పట్టుకుపోయారు.

మూడున్నరకి పంపాయన వచ్చాడు. యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ గుట్ట మీదే ఉన్నాడు కాబట్టి ఆఫీసులో ఆయన మొహం తెలిసినవాళ్లు తక్కువ. కుడి భుజం ఎడమ భుజం కంటే లావు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అమ్మా, అందరూ మిమ్మల్ని అడిగి పోతారంట గదా," అన్నాడు.

"ఏమని?"

"రేపేం జరిగిందని."

ఆమె తువ్వాలు తీసి తెర మీద కప్పబోయింది. ఆయన చూడనే చూశాడు.

"ఉన్నదే గదమ్మా. చదవండి, వింటాను."

ఆమె చదివింది. ఆటోమేటిక్ ప్యానెల్ అమర్చుతున్నందున పాత పంపు హౌస్‌లో మనిషి అవసరం ఇక లేదని అధ్యక్షులవారు అభిప్రాయపడ్డారు. సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు.

"అందరూనా?"

"అందరూ."

"నేను వాళ్లలో ఒక్కరికీ తెలీదమ్మా. తెలిసి కాదన్నారంటే అదో రకం. ఏం తప్పు చేశానో అనుకునేవాణ్ని." కాసేపు తెర వంక చూశాడు. "ఇంకా ఆరేళ్ల సర్వీసుంది నాకు. ఒక చక్రం తిప్పడం తప్ప ఇంకో పని రాదు. ఈ వయసులో నన్నెవరు పిలిచి పనిస్తారు?"

ఆమె నీళ్లు నమిలింది. ఆ ఆఫీసులో అదేమీ కొత్త కాదు.

"సరే," అన్నాడాయన. "తాళంచెవి ఎవరికివ్వాలో రాశారా?"

"లేదు."

"అది రాయండమ్మా. తలుపు కింద గడి బిగుసుకుంటది, పైకెత్తి తోయాలి. అది కూడా రాయండి. తెలీనివాళ్లు వస్తే అవస్థ పడతారు."

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాక కూడా ఆమె ఆ వాక్యం వంకే చూస్తూ కూర్చుంది. సభ్యులందరూ ఏకగ్రీవంగా. ఆ మాట ఆమె వేలిచివర ఉంటుంది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కొట్టిందో లెక్క లేదు. దాని కింద ఒక మనిషి పడతాడని ఎన్నడూ తట్టలేదు.

ఆ సాయంత్రం వదినకి చెప్పింది. వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ విన్నది.

"అయితే మార్చు," అంది.

"ఏం మార్చను వదినా? పెద్దసారు అలా అంటారు."

"ఆయన అనడు. చదువుతాడు. ఏది పెడితే అది చదువుతాడని నువ్వే చెప్పావు."

"దొంగ రాతవుతుంది."

వదిన నవ్వింది. ఆమె నవ్వితే అవతలివాళ్లకు మంచిది కాదు. "జరగనిది రాస్తూ పదకొండేళ్లు జీతం తీసుకున్నావు. అప్పుడు లేని దొంగతనం ఇప్పుడు గుర్తొచ్చిందా? మిగతావాళ్లకి ఆందోళన పెట్టావు, ఆగ్రహం పెట్టావు, అడిగినవాడికి అడిగినంత పెట్టావు. ఈయనకి ఒక్క వాక్యం పెట్టడానికి చెయ్యి రావడం లేదు."

ముందుచూపు కంచాలు కడిగింది. కడిగిన కంచాన్నే మళ్లీ కడిగింది.

మర్నాడు పొద్దున తొమ్మిదికే సీట్లో ఉంది. 'మీటింగ్ ఫైనల్' అన్న ఫైలు తెరిచి, 'మీటింగ్ నిజం ఫైనల్' అని ఇంకోటి చేసింది. ఏడో అంశం మార్చింది: ప్యానెల్ వచ్చినా అనుభవజ్ఞుడైన ఆయన సేవలు సంస్థకు ఎంతో అవసరమని, కాబట్టి పోస్టు కొనసాగించాలని. స్టోర్సు ఆఫీసరు హర్షం వ్యక్తం చేశారు. ఫిర్యాదుల మేడం ఏకీభవించారు. లైన్ ఇన్‌స్పెక్టరు బలపరిచారు. బల్ల మీద మిగిలిన పాత ప్రతులు చించి బుట్టలో వేసి, కొత్తవి సభ్యులందరి కుర్చీల ముందూ పెట్టి వచ్చింది. పని శుభ్రంగా చేశాననుకుంది. నిన్ననే నలుగురు తమవి పట్టుకుపోయారన్నది ఆమెకు గుర్తే రాలేదు. పదకొండేళ్లలో ఒక్క ప్రతినీ వెనక్కి తీసుకునే అవసరం రాలేదు మరి. ముందుకు చూడటంలో అంత పేరు తెచ్చుకున్న మనిషికి వెనక్కి చూడటం అలవాటు తప్పింది.

ఆ నలుగురిలో స్టోర్సు ఆఫీసరు ఒకడు. ఆయన రాత్రి అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని మరీ వచ్చాడు. ఇంకొకరు పెద్దసారు. ఆయన ప్రతి ఆయన సంచిలో ఉంది. పదకొండింటికి ఆయన సంచిలోంచి నిన్నటిది తీసి, బల్ల మీదున్న ఇవాళ్టి దాని మీద పెట్టి, రెండూ కలిపి సర్దుకున్నారు. ఫ్యాను గాలికి ఒకసారి లేచాయి. మళ్లీ సర్దుకున్నారు.

మొదటి ఆరు అంశాలు రెండిట్లోనూ ఒకటే కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. పైపులు రాలేదు. ఆగ్రహం, ఆందోళన సక్రమంగా అయ్యాయి. కాఫీ వచ్చింది. ఏడో అంశం రెండో పేజీ చివర మొదలై మూడో పేజీలోకి వెళ్తుంది. పెద్దసారు సోమవారం నాటి రెండో పేజీ చదివి, పేజీ తిప్పి, మంగళవారం నాటి మూడో పేజీ అందుకున్నారు.

"ఆటోమేటిక్ ప్యానెల్ అమర్చుతున్నందున పాత పంపు హౌస్‌లో మనిషి అవసరం ఇక లేదని," అని ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, "ఆయన సేవలు సంస్థకు ఎంతో అవసరమని, కాబట్టి పోస్టు కొనసాగించాలని నా అభిప్రాయం," అన్నారు.

గంభీరంగా అందరి వంకా చూశారు. తర్వాత కాగితం వంక చూశారు. తర్వాత మంచినీళ్లు తాగారు.

తన వంతు రాగానే స్టోర్సు ఆఫీసరు లేచాడు. "అధ్యక్షులవారి అభిప్రాయంతో సంపూర్ణంగా ఏకీభవిస్తున్నాను. పోస్టు రద్దు చేయాల్సిందే."

ఫిర్యాదుల మేడం తన కాగితం చూసుకుంది. "నేనూ ఏకీభవిస్తున్నాను. కొనసాగించాల్సిందే."

"రద్దండీ మేడం."

"కొనసాగింపు సార్. ఇదిగో, నా దగ్గరుంది."

"నా దగ్గరా ఉంది."

"మీది ఎప్పటిది?"

"నిన్నటిది."

"నాది ఇవాళ్టిది. నేను పొద్దున కొత్తగా అన్నాను."

లైన్ ఇన్‌స్పెక్టరు ఆ గొడవకి కళ్లు తెరిచాడు. ఎవరో మోచేత్తో పొడిస్తే, "బలపరుస్తున్నాను సార్," అన్నాడు.

"దేన్నయ్యా?" అన్నారు పెద్దసారు.

"రెంటినీ సార్."

బల్లకి ఆ చివర కూర్చున్న ముందుచూపు నోట్‌బుక్కు మీద పెన్ను పెట్టేసింది. పెద్దసారు రెండు కట్టలూ విడదీసి పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"ఈ రెండోది ఎవరు రాశారు?"

"నేనే సార్."

"మొదటిది?"

"అదీ నేనే."

"నేను చెప్పానా మీకు?"

"రెండిట్లో ఏదీ మీరు చెప్పలేదు సార్. మీరు చదివారు."

"మరి ఇన్నాళ్లూ?" అన్నారాయన, ఈసారి మెల్లగా.

"ఇన్నాళ్లూ అంతే సార్."

ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, మళ్లీ మామూలు రంగుకొచ్చింది. ఆమె మీద చర్య తీసుకోవాలంటే దానికో మీటింగు పెట్టాలి, ఆ మీటింగు మినిట్స్ ఆమే రాయాలి. ఈ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తట్టినట్టుంది, ఎవరూ ఎవరి కళ్లల్లోకి చూడలేదు.

"సరే," అన్నారు పెద్దసారు, కాగితాలు రెండూ బోర్లించి. "అసలు ఆ పంపు హౌస్‌లో ఏముంది? ఇన్‌స్పెక్టరు గారూ, మీరు నెలనెలా తనిఖీ చేసినట్టు సంతకాలున్నాయి."

"అదీ సార్... ఉత్తరం వైపు, గుట్ట మీద..."

"గుట్ట దక్షిణాన ఉంది," అంది ఫిర్యాదుల మేడం. తర్వాత, ఎవరూ రాసివ్వని మాటలు తన నోట్లోంచి వస్తున్నందుకు తనే విస్తుపోతూ, "సార్, నేనీ సీట్లోకి వచ్చిన కొత్తలో బడి దగ్గర మూల మీద పైపు నెలకి రెండుసార్లు పగిలేది. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయేవాళ్లు. ఫోనెత్తితే తిట్లు. చాలా ఏళ్ల నుంచి ఆ మూల నుంచి ఒక్క ఫోనూ లేదు. ఎందుకు లేదో నేనెప్పుడూ అడగలేదు," అంది.

"ఎందుకు లేదు?" అన్నారు పెద్దసారు.

ఎవరికీ తెలియదు. స్టోర్సు ఆఫీసరు అలవాటు కొద్దీ కాగితం తిప్పి చూశాడు, అక్కడా లేదు.

తెలిసినవాడు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మీటింగయ్యాక తాళంచెవి ఇచ్చిపోదామని వచ్చాడు. ముందుచూపు లేచి వెళ్లి పిలుచుకొచ్చింది. తొమ్మిది మందినీ చూసి ఆయన గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పెద్దసారు అడిగింది విని, కాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు.

"పైపులో ముందు గాలుంటది సార్. నీళ్లు దాన్ని తోసుకుంటా పోవాల. మెల్లగా వదిలితే గాలి దారి చూసుకుని పోతది. ఒక్కసారిగా వదిలితే బడి మూల మలుపులో గుద్దుకుంటది. నాకు ముందున్నాయన రెండు నిమిషాల్లో తిప్పేసి టీకి పోయేవాడు. నేను ఇరవై నిమిషాలు తిప్పుతాను. అంతే సార్, ఇంకేం లేదు."

"ఇరవై నిమిషాలు చక్రమే తిప్పుతావా?"

"అర చుట్టు తిప్పి ఆగుతాను. చెవి పెట్టి వింటాను. మళ్లీ అర చుట్టు."

"ప్యానెల్ ఎంతసేపట్లో తిప్పుతుంది?" అని పెద్దసారు అడిగితే, స్టోర్సు ఆఫీసరు కంపెనీ కాగితం తీసి, "నలభై సెకన్లు సార్. అదే దాని గొప్ప అని రాశారు," అన్నాడు.

బల్ల చుట్టూ కదలిక వచ్చింది. పని జరిగిపోయిందనుకుంది ముందుచూపు. అప్పుడు పంపాయన గొంతు సవరించుకున్నాడు.

"మిషను కూడా మెల్లగా తిప్పొచ్చు సార్, చెబితే. మెల్లగా తిప్పమని దానికి చెప్పేవాళ్లుండాల."

ఈ మనిషికి నోట్లో మాట నోట్లో ఉంచుకోవడం ఎవరూ నేర్పలేదా అని ఆమె పళ్లు నూరింది. చేతిలోకొచ్చిన ఉద్యోగాన్ని తానే తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దసారు ఆమె వైపు తిరిగారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది. "ఏం రాసుకున్నారమ్మా?"

ఆమె నోట్‌బుక్కు చూపించింది. తెల్లగా ఉంది. "ఏమీ రాయలేదు సార్. మీరింకా చెప్పలేదు."

ఆయన బల్ల మీద వేళ్లతో దరువేశారు. ఏడాదిలో మొదటిసారి, తాను ఏమంటాడో తనకే తెలియని మనిషిలా కనిపించారు. చివరికి, "జీపు తీయమనండి. వెళ్లి చూద్దాం," అన్నారు.

జీపులో పట్టినవాళ్లు పట్టగా మిగిలినవాళ్లు నడిచారు. లైన్ ఇన్‌స్పెక్టరు తన తనిఖీ స్థలాన్ని మొదటిసారి చూసి, "బాగానే ఉందే," అన్నాడు. పంపాయన తలుపుని పైకెత్తి తోసి తీశాడు. లోపల నూనె వాసన. నేలలోంచి పైకి లేచిన లావుపాటి పైపు, దాని మీద బండి చక్రమంత ఇనుప చక్రం. చేతులు పట్టుకునే చోట మాత్రం అది అరిగి నున్నగా మెరుస్తోంది.

"నేను తిప్పుతాను," అన్నారు పెద్దసారు చొక్కా చేతులు మడుస్తూ. ఆయన ఇంజనీరింగు చదివి పాతికేళ్లు. చక్రం ముట్టుకుని అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది. రెండు చేతులా పట్టుకుని, చూసేవాళ్లున్నారు కదాని, బలంగా రెండు చుట్లు తిప్పేశారు.

నేల కింద ఎక్కడో ఏదో మూలిగింది. పైపు ఒక్కసారి ఒళ్లు విదిలించుకుంది. స్టోర్సు ఆఫీసరు గుమ్మం బయట తేలాడు, ఎప్పుడు వెళ్లాడో ఎవరూ చూడలేదు. పంపాయన ఒక్క అంగలో వచ్చి పెద్దసారు చేతి మీద తన చెయ్యి వేశాడు. లాగలేదు, తోయలేదు. వేసి ఉంచాడంతే. తర్వాత ఆ రెండు చేతులూ కలిసి చక్రాన్ని కొంచెం వెనక్కి తిప్పాయి. ఆగాయి.

"వినండి సార్," అన్నాడు.

పెద్దసారు వంగి పైపుకి చెవి పెట్టారు. లోపల ఏం వినిపించిందో ఆయన చెప్పలేదు. చాలాసేపటి తర్వాత, "ఇప్పుడా?" అని అడిగారు, బడిపిల్లాడు అడిగినట్టు.

"ఇంకా లేదు సార్."

చుట్లన్నీ పూర్తి కావడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పెద్దసారు చేతులకి అంటిన నూనెను ఏదీ దొరక్క సొంత రుమాలుకి తుడుచుకుని, అక్కడే నిలబడి చెప్పారు. ప్యానెల్ మోటార్లకే పరిమితం. చక్రం పంపాయన చేతిలోనే ఉంటుంది, ఆయన రిటైరయ్యే దాకా. ఈలోగా ఆయన చేసేదంతా రాయించాలి. స్టోర్సు ఆఫీసరు గుమ్మం బయటి నుంచే, తన దగ్గర కాగితం లేకపోయినా, ఏకీభవించాడు.

రెండింటికి ముందుచూపు సీట్లో కూర్చుంది. ఖాళీ పేజీ తెరిచింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆమెకు మొదటి వాక్యం దొరకలేదు. జరగనిది రాయడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. జరగనిదానికి ఒక వరస ఉంటుంది, జరిగినదానికి ఉండదు. ఎవరు ముందన్నారు, ఎవరు అడ్డొచ్చారు, గుట్ట ఎటువైపుంది, అన్నీ కలిసి మీద పడ్డాయి. ఒక వాక్యం కొట్టింది, చెరిపింది. ఎప్పుడూ దబదబా పడే మీటలు ఆ మధ్యాహ్నం ఒక్కొక్కటిగా, వెతుక్కుంటున్నట్టు పడ్డాయి. కింది అంతస్తు నుంచి ఒకరు పైకొచ్చి, "ఒంట్లో బాగాలేదా మేడం?" అని అడిగి పోయారు.

నాలుగింటికి మూడున్నర పేజీలు తీసుకుని పెద్దసారు గదికి వెళ్లింది. పంపాయన మళ్లీ బయట బెంచీ మీద ఉన్నాడు. మాట వేరు, సంతకం వేరు అని ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయనకీ తెలుసు.

పెద్దసారు ఈసారి పైకి చదవలేదు. కళ్లతోనే చదివారు. మూడో పేజీలో పెన్ను ఆగింది.

"'అధ్యక్షులవారు చక్రాన్ని వేగంగా తిప్పగా పైపు అదిరింది.' ఇదెందుకు?"

"జరిగింది కదా సార్."

"జరిగింది. రాయాలా?"

ఆమెకు తానేం చెబుతోందో తెలియకుండానే మాట వచ్చేసింది. "ఇది తీసేస్తే ఆయన చెయ్యి వేయడం తీసేయాలి. అది తీసేస్తే మీరు వినడం తీసేయాలి. అప్పుడు మీరెందుకు నిర్ణయించారో ఉండదు సార్."

"నిర్ణయం ఉంటే చాలదా?"

"నిర్ణయాలు నేను చాలా రాశాను సార్."

పెద్దసారు పెన్ను మూత పెట్టారు. మూత పెట్టిన పెన్ను ఎంత ప్రమాదమో ఆ ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలుసు. "ఆ వాక్యంతో నేను సంతకం పెట్టలేనమ్మా. పైవాళ్లు చదువుతారు. ఆలోచించుకుని రండి."

ఆమె బయటకొచ్చి బెంచీ పక్కన నిలబడింది. పంపాయన లేచాడు. జరిగింది చెప్పింది. చెబుతూ, ఆ ఒక్క వాక్యం కోసం తాను ఇంత పట్టుబట్టడం చూసి ఆమెకే సిగ్గేసింది. పదకొండేళ్లలో రాసిన వేల వాక్యాల్లో అదొక్కటే నిజం మరి. అదొక్కటే వద్దంటున్నారు.

"తీసేయండమ్మా," అన్నాడు పంపాయన వెంటనే.

"అది నిజమండీ."

"నిజమే. ఆయన ఎట్టా తిప్పాడో ఆయనకి తెలుసు, నాకు తెలుసు, పైపుకి తెలుసు. కాగితానికి తెలియకపోతే కొంపేం మునగదు. నా పని అందులో ఉందా లేదా?"

"ఉంది."

"ఇంకేం మరి." ఆయన గోడ గడియారం వంక చూశాడు. "తొందరగా కొట్టేయండమ్మా. అయిదింటికి మళ్లీ నీళ్లు వదలాల."

ఆమె వెళ్లి సీట్లో కూర్చుంది. వాక్యం చివర వేలు పెట్టి చెరిపే మీట నొక్కింది. ఒకేసారి ఎత్తేయొచ్చు, ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక్కో అక్షరం తీసింది. 'అదిరింది' పోయింది, 'పైపు' పోయింది, 'వేగంగా' పోయింది. చెయ్యి వేయడం పోయింది, వినడం పోయింది. మిగిలిన నిర్ణయం ప్రింటు తీసి లోపలికి తీసుకెళ్లింది. పెద్దసారు మూత తీసి సంతకం పెట్టారు. పెట్టి, కాగితం వెంటనే ఇచ్చేయకుండా కాసేపు పట్టుకుని, "బాగా రాశారమ్మా," అన్నారు, మొహం చూడకుండా.

సంతకమున్న పేజీని ఆమె బెంచీ దగ్గరికి తెచ్చి చూపించింది. పంపాయన చదవలేదు. సంతకం వంక మాత్రం ఒకసారి చూసి, తాళంచెవి జేబులో వేసుకుని, రెండేసి మెట్లు దిగుతూ వెళ్లిపోయాడు.